శంకుస్థాపన కన్నా ముందు ఎలియనేషన్ ఉత్తర్వు రావాలి

సంపాదకులు గారికి,

మండల కేంద్రాల్లో రోడ్డు పక్కనున్న ప్రభుత్వ స్థలాలను గ్రామ పంచాయతీలకో పురపాలక సంఘాలకో అప్పగించి, అక్కడ దుకాణాలు, సంత, కూరగాయల మార్కెట్ లాంటివి కట్టించి వాటికి సొంత ఆదాయం కల్పించాలన్న కోరిక కొత్తది కాదు. అది న్యాయమైన కోరిక కూడా. ఆర్థికాభివృద్ధికి ప్రణాళికలు వేసే పనిని రాజ్యాంగంలోని 243జి, 243డబ్ల్యూ అధికరణాలు ఈ సంస్థల చేతిలోనే పెట్టాయి. పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో మార్కెట్లు, సంతలు కూడా ఉన్నాయి. పని అప్పగించాక స్థలం కూడా ఇవ్వాల్సిందే. మా బాధల్లా ఇచ్చే తీరు గురించే. కలెక్టరేట్ నుంచి ‘అడ్వాన్స్ పొజెషన్’ కాగితం రావడం ఆలస్యం, శిలాఫలకం లేస్తుంది. తుది ఎలియనేషన్ ఉత్తర్వు, అంటే ప్రభుత్వ భూమిపై హక్కును స్థానిక సంస్థకు బదలాయించే ఉత్తర్వు, ఏమైందని ఆ తర్వాత అడిగే నాథుడుండడు. భవనం పూర్తయి, గదులు వేలం వేసి, అద్దెలు మొండికేసినప్పుడు గానీ ఆ కాగితం ఎంత అవసరమో తెలిసిరాదు.

అడ్వాన్స్ పొజెషన్ అంటే, తుది ఉత్తర్వు వచ్చేదాకా పని ఆగకుండా స్థలాన్ని ముందుగా స్వాధీనపరచడం. తాగునీటి ట్యాంకుకో ఆరోగ్య ఉపకేంద్రానికో అది అక్కరకొచ్చే ఏర్పాటే. ఎవరికీ అద్దెకివ్వని, ఎవరి నుంచీ బకాయి రాబట్టాల్సిన పనిలేని కట్టడాలవి. అద్దెల మీద బతకాల్సిన కట్టడం సంగతి వేరు. స్వాధీనం పంచాయతీదే అయినా రికార్డులో యజమాని ప్రభుత్వమే. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో అలాగే ఉంటుంది. ఆ సెక్షన్ 1(బి) ప్రకారం ప్రభుత్వ భూమిపై అమ్మకం, దానం, మార్పిడితో పాటు లీజు పత్రాన్ని కూడా చట్టబద్ధమైన అధికారం లేనివారు రాసిస్తే రిజిస్టర్ చేయకూడదు. మూడేళ్ల లీజు పట్టుకెళ్లిన పంచాయతీ కార్యదర్శిని సబ్ రిజిస్ట్రార్ మొదట అడిగేది ఎలియనేషన్ ఉత్తర్వే. అది లేక వెనక్కి వచ్చి వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుంటారు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ అంటోంది. చేయించకపోతే ఆ పత్రాన్ని లీజుకు రుజువుగా కోర్టు తీసుకోదు. అద్దె ఎగ్గొట్టిన దుకాణదారు వకీలు పట్టుకునేది సరిగ్గా ఈ రెండు లోపాలనే: మీకు టైటిల్ లేదు, మా లీజుకు రిజిస్ట్రేషన్ లేదు. లక్షల్లో పేరుకుపోయే అద్దె బకాయిల వెనుక చాలాచోట్ల ఉన్నది ఇదే. వసూలు సిబ్బంది అలసత్వం ఆ తర్వాతి మాట.

అందుకే దస్త్రం మొదటి కాగితం నుంచే గట్టిగా ఉండాలి. మొదటి కాగితం స్థానిక సంస్థ తీర్మానం. ‘మా గ్రామంలోని ప్రభుత్వ స్థలాన్ని షాపింగ్ కాంప్లెక్సు నిమిత్తం ఇప్పించవలసిందిగా కోరడమైనది’ అని ఒక్క వాక్యం రాసి పంపేస్తుంటారు. దాంతో తహసీల్దారు కార్యాలయంలో పని మొదలే కాదు. సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం ఎకరాల్లో సెంట్లలో, నాలుగు దిక్కుల హద్దులు, ప్రస్తుతం స్థలంలో ఏముంది, ఏం కడతారు, ఎన్ని చదరపు అడుగులు, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది, కట్టాక నిర్వహణ ఎవరిది... ఇవన్నీ తీర్మానంలోనే ఉండాలి. నిధుల మాట లేని తీర్మానం మీద కొర్రీ పడుతుంది, ఆ కొర్రీ కింద నుంచి పైకి, పై నుంచి కిందకి తిరిగేసరికి పాలకవర్గం గడువే అయిపోతుంది.

తీర్మానం మీద తహసీల్దారు ప్రతిపాదన తయారుచేస్తారు. అందులో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) నకలు, కొన్నేళ్ల అడంగల్ నకళ్లు, గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) స్కెచ్, అడిగిన భాగాన్ని రంగుతో చూపించే కంబైన్డ్ స్కెచ్, 15 రోజుల గడువుతో అభ్యంతరాలు కోరే ఏ-1 నోటీసు, దాన్ని చాటింపు వేసి అంటించినట్టు ఋజువు, మార్కెట్ విలువ కోసం రిజిస్ట్రేషన్ శాఖ ధర, చుట్టుపక్కల గత మూడేళ్ల క్రయవిక్రయాల పట్టిక, చెక్ మెమో (అన్నీ ఉన్నాయో లేదో సరిచూసే పట్టిక) ఉంటాయి. ఆర్డీవో తనిఖీ, జాయింట్ కలెక్టర్ పరిశీలన, కలెక్టర్ సిఫారసు అయ్యాక సీసీఎల్‌ఏకు (భూపరిపాలన ప్రధాన కమిషనర్‌కు) వెళ్తుంది. 2012 సెప్టెంబరు 14 నాటి జీవో 571 భూకేటాయింపు విధానం వచ్చాక భూ నిర్వహణ ప్రాధికార సంస్థ పరిశీలన కూడా తోడైంది. దారి పొడుగే. అయినా దస్త్రం ఆగేది సాధారణంగా పై అంతస్తుల్లో కాదు. ఆర్‌ఎస్‌ఆర్‌లో ఒక మాట, క్షేత్రంలో ఒక మాట ఉన్నప్పుడు.

అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. పోరంబోకు అన్న ఒక్క మాటతో ‘ఖాళీ ప్రభుత్వ భూమి’ అనుకోవడం పెద్ద పొరపాటు. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం పశువుల బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, మందబయళ్లు (పశువుల మందలు నిలిపే చోట్లు), బండిదారులు, తోపులు, ప్రభుత్వానికి వేరే పనికి అక్కరలేనివి, గ్రామ పంచాయతీకే దఖలుపడతాయి. కాబట్టి వాటిని మళ్లీ ఇమ్మని అడగక్కర్లేదు కదా అని కొందరు సర్పంచులు నేరుగా కట్టడం మొదలుపెడతారు. చట్టం ఇచ్చింది ఆ వాడుక కోసం. కళ్లంలో దుకాణాలు కట్టాలంటే వాడుక మారుతుంది, వర్గీకరణ మార్పుకు ఉత్తర్వు కావాలి. పైగా ఇలాంటి ఉమ్మడి భూములను ఆక్రమణదారులకు కట్టబెట్టడాన్ని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న గట్టిగా తప్పుబట్టింది. ఊరి బీడును వాణిజ్య కట్టడానికి మళ్లిస్తే ఆ తీర్పు పట్టుకుని ఎవరైనా కోర్టుకు పోవచ్చు, పోతున్నారు కూడా.

చెరువు, కుంట, వాగు, వాటి శిఖం (నీరు నిలిచే నేల) జోలికి అసలు వెళ్లకూడదు. నీళ్లు నిలవడం మానేసి పాతికేళ్లయినా రికార్డులో చెరువు చెరువే. 2001లో హించ్‌లాల్ తివారీ కేసు తీర్పు తర్వాత దీనిపై వాదనకు తావు లేదు. తెలంగాణలో పేర్లు వేరు: శిఖం, గైరాన్, బంచరాయి (పశువుల మేత భూములు), సర్కారీ (ప్రభుత్వ భూమి). అక్కడ అడంగల్ బదులు పహాణీ చూడాలి, 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెనక్కి వెళ్లాలి, సెంట్ల బదులు గుంటల్లో లెక్క వేయాలి. గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4 గజాలు. దస్త్రంలో కొలమానం కలగాపులగమైతే స్కెచ్చుకూ ఉత్తర్వుకూ పొంతన ఉండదు.

ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములు మరో చిక్కు. చుక్కలున్నాయంటే ప్రభుత్వానిదేనని తేల్చేయడానికి వీల్లేదు. వీటి కోసమే ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ విచారణ తేలకుండా స్థలం పంచాయతీకిస్తే, అనుభవంలో ఉన్న రైతు రేపు డిక్రీ తెచ్చుకుంటే కట్టిన భవనం ఎవరిది? దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి అయితే ఇవ్వడానికి రెవెన్యూ శాఖకు హక్కే లేదు. గుడి మాన్యం మీద బస్ షెల్టరో దుకాణాల వరుసో లేచాక వచ్చే వివాదం అంత తేలిగ్గా తీరేది కాదు. అసైన్డ్ భూమి అయితే ముందు అసైన్‌మెంట్ రద్దు చేసి స్వాధీనం చేసుకోవాలి, ఆ కుటుంబానికి ఇవ్వాల్సింది ఇవ్వాలి. పేదవాడి చేతిలోంచి లాక్కున్న ఎకరంలో అభివృద్ధి పేరు చెప్పి దుకాణాలు కట్టడం మాకు ఏ కోశానా సమ్మతం కాదు.

తర్వాత కొలత. పాత ఎఫ్‌ఎంబీలు లింకుల్లో ఉంటాయి. వంద లింకుల గొలుసు 66 అడుగులు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. వీటిని మీటర్లలోకి మార్చేటప్పుడు పడే తప్పులు తక్కువేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. తీర్మానం పాత సర్వే నంబరుతో, స్కెచ్ కొత్త ఎల్‌పీఎం నంబరుతో ఉంటే దస్త్రం ఖాయంగా వెనక్కి వస్తుంది. రెండు నంబర్లూ, రెండు విస్తీర్ణాలూ పక్కపక్కనే రాసి, తేడా ఎందుకొచ్చిందో సర్వేయర్ చేత ఒక వాక్యం రాయించాలి.

రోడ్డు వైపు హద్దు మీద మరీ జాగ్రత్త కావాలి. ఒక లెక్క చూడండి. స్థలం 80 సెంట్లు, రోడ్డు ముఖం 200 అడుగులు అనుకుందాం. రోడ్లు భవనాల శాఖ విస్తరణకు 30 అడుగుల లోతు వదలమంటే పోయేది 6,000 చదరపు అడుగులు, అంటే దాదాపు 14 సెంట్లు. పోయేది కూడా ముందు వరుస, అంటే అద్దె పలికే వరుస. కాబట్టి ఆ శాఖ నుంచి, జాతీయ రహదారైతే సంబంధిత అధికారుల నుంచి, రోడ్డు మధ్య గీత నుంచి ఎన్ని మీటర్లు వదలాలో కాగితం మీద తీసుకున్నాకే స్కెచ్ గీయాలి. భవనం లేచాక మార్జిన్‌లో ఉందని మార్కు వేస్తే ఎవరి మొహం చూసీ ఆపరు.

స్థలంలో చెట్లున్నాయా అన్నది కూడా ముందే చూడాలి. రెవెన్యూ రికార్డులో అడవి అని లేకపోయినా, నిఘంటువు అర్థంలో అడవి అనదగ్గదైతే అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో 2025 ఏప్రిల్‌లో పనులు ఆగింది చెట్లు నరకడం మీదే. ఎకరం రెండెకరాల స్థలాల్లో అంత రగడ ఉండదు గానీ, నాలుగు చింతచెట్లు కొట్టడానికైనా నీరు, నేల, చెట్ల పరిరక్షణకు వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఆ చెట్లుంచి చుట్టూ సంత దిమ్మెలు కట్టుకుంటే ఇంకా మేలు. ఎండల్లో జనం వచ్చేది ఆ నీడ కోసమే.

స్థలంలో ఇప్పటికే బతుకుతున్నవాళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు. పట్టణాల్లో 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే జరిగి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పల్లెల్లో ఆ చట్టం లేకున్నా 1905 నాటి భూ ఆక్రమణ చట్టం 7వ సెక్షన్ నోటీసు లేకుండా 6వ సెక్షన్ కింద తొలగించడానికి వీల్లేదు. చట్టం మాట అటుంచి, పదేళ్లుగా అక్కడ చెప్పులు కుడుతున్నాయన, పూలమ్ముకుంటున్నావిడ కొత్త వేలంలో పెద్ద వ్యాపారులతో పోటీపడి గది దక్కించుకోలేరు. లేఅవుట్‌లోనే వాళ్లకు దిమ్మెలు గుర్తించి, పేర్లతో జాబితా తయారుచేసి తీర్మానానికి జతచేయాలి. ఇది జరిగిన చోట కోర్టు కేసులు తగ్గుతాయి, జరగని చోట స్టే ఉత్తర్వు ఖాయం.

ఇక డబ్బు. భూమి వాణిజ్యానికి వాడితే, అంటే రాబడి వచ్చే పనికైతే, మార్కెట్ విలువ కట్టమనడం రెవెన్యూ శాఖకు పాత రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్ల కాలం నుంచీ ఉన్న పద్ధతి. ప్రైవేటు సంస్థ విషయంలో అది సబబే. పంచాయతీ విషయంలో ఏమవుతుందో ఊహాలెక్కతో చూద్దాం. 150 చదరపు అడుగుల గదులు 24 కడితే 3,600 చదరపు అడుగులు. వరండా, మెట్లు, మరుగుదొడ్లకు 30 శాతం కలిపితే 4,680. చదరపు అడుగుకు 2,000 రూపాయలేసుకున్నా ఖర్చు 93.6 లక్షలు. గదికి నెలకు 4,000 అద్దె వస్తుందనుకుని, ఎప్పుడూ నాలుగు గదులు ఖాళీగా ఉంటాయని తీసేస్తే ఏడాదికి 9.6 లక్షలు. కరెంటు, పారిశుధ్యం, కాపలా, మరమ్మతులకు 2.4 లక్షలు పోతే మిగిలేది 7.2 లక్షలు. పెట్టుబడి తిరిగి రావడానికి 13 ఏళ్లు, అదీ వడ్డీ లెక్కేయకుండా. దీని మీద స్థలానికి 2 కోట్లు కట్టమంటే ఆ ఒక్కటి రాబట్టడానికే మరో 27, 28 ఏళ్లు పడుతుంది. భవనం ఆయుష్షే అంతంతమాత్రం. మార్కెట్ విలువ నోటీసు అందగానే పంచాయతీ మిన్నకుండిపోవడం, దస్త్రం అటకెక్కడం, అడ్వాన్స్ పొజెషన్ మీదే రోజులు దొర్లించడం ఎందుకో ఈ లెక్కలోనే ఉంది.

దీనికి మందు ఉంది. విలువను ఒక్కసారిగా అడగకుండా ఏటా వసూలైన అద్దెలో కొంత వాటాగానో, నామమాత్రపు భూమి అద్దెగానో ప్రభుత్వం తీసుకోవచ్చు. వసూలైతేనే వాటా అన్న షరతు పెడితే పంచాయతీకి భారం కాదు, ఖజానాకూ నష్టం లేదు. అమ్మి సొమ్ము చేసుకుంటే పోలా అనేవారు కోకాపేటను చూపిస్తారు. 2023 ఆగస్టులో నియోపోలిస్‌లో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికిన మాట నిజమే. నగరం అంచున ఉన్న భూమికి ఆ ధర వస్తుంది. మండల కేంద్రంలో ఒకసారి అమ్మిన 80 సెంట్లు మళ్లీ ఆ ఊరికి దొరకవు. కాబట్టి భూమి చేతులు మారాల్సింది స్థానిక సంస్థకే, అక్కడి నుంచి ముందుకు లీజు తప్ప అమ్మకం ఉండకూడదని ఉత్తర్వులోనే రాయాలి.

అసలు ప్రతి ఊరికీ కాంప్లెక్సే ఎందుకు కావాలి? పై అంతస్తు గదులు ఖాళీగా పడి ఉన్న కాంప్లెక్సులు ఎన్ని లేవు! జనం మెట్లెక్కి సరుకు కొనరు. వారపు సంత ఉన్న ఊళ్లో రేకుల షెడ్లు, ఎత్తు దిమ్మెలు, మురుగు కాలువ, కుళాయి, దీపాలు, బండి దింపుకునే చోటు చాలు. 150 మంది అమ్మకందారులు వారానికి తలా 30 రూపాయల ఆశీలు (సంత రుసుము) కట్టినా ఏడాదికి 2.34 లక్షలు. 15 లక్షల్లో ముగిసే పని అనుకుంటే ఆరేడేళ్లలో పెట్టుబడి వచ్చేస్తుంది, రైతు కూరగాయలకు నిలబడే చోటూ దొరుకుతుంది. ఆశీలు పాట పాడుకున్న కాంట్రాక్టరు ఇష్టమొచ్చినంత గుంజకుండా గంపకు ఎంత, మేకకు ఎంత, బండికి ఎంత అన్న ధరల బోర్డు సంత ముఖద్వారం దగ్గర పెట్టించాలి.

ఉత్తర్వు భాష మీద ఒక మాట. ప్రభుత్వం ఇచ్చే భూమికి 1895 ప్రభుత్వ గ్రాంట్ల చట్టం, 2018లో రద్దయ్యేదాకా, వర్తించేది. దాని కింద ఉత్తర్వులోని షరతులు రాసింది రాసినట్టు అమలయ్యేవి, ఆస్తి బదిలీ చట్టం అడ్డొచ్చేది కాదు. ఇప్పటికీ ఆ షరతుల మాటలను తేలిగ్గా తీసుకోకూడదు. ‘కూరగాయల మార్కెట్ నిమిత్తం’ అని ఉత్తర్వులో ఉంటే అక్కడ బట్టల కొట్టుకు గది ఇచ్చినా షరతు ఉల్లంఘనే, భూమిని తిరిగి స్వాధీనం చేసుకునే అధికారం కలెక్టరుకు వచ్చేస్తుంది. అలాగని ‘ప్రజాప్రయోజనం నిమిత్తం’ అని వదులుగా రాస్తే రేపు ఎవరికో క్లబ్బుకు ఇచ్చేస్తారు. ‘సంత, మార్కెట్, చిల్లర దుకాణాలు, వాటికి అనుబంధ వసతులు’ అని ప్రతిపాదనలోనే తహసీల్దారు రాసి పంపితే ఉత్తర్వులోనూ దాదాపు అవే మాటలు వస్తాయి. నిర్మాణానికి పెట్టే గడువు కూడా అడ్వాన్స్ పొజెషన్ తేదీ నుంచా, తుది ఉత్తర్వు నుంచా అన్నది స్పష్టంగా ఉండాలి. నిధులు విడతలవారీగా వచ్చే పంచాయతీకి ఈ తేడా చిన్నది కాదు.

ఉత్తర్వు వచ్చిన రోజుతో పని సగమే అయినట్టు. సర్వేయర్ వచ్చి సబ్ డివిజన్ చేయాలి, మూలమూలనా హద్దు రాళ్లు పాతాలి, ఒక్కో రాయి దగ్గర అక్షాంశ రేఖాంశాలతో ఫొటో తీయాలి, స్వాధీన పంచనామా రాసి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, సర్వేయర్, కార్యదర్శి, పొరుగు రైతులు సంతకాలు చేయాలి. ఆ పంచనామా రెండు ప్రతుల్లో ఒకటి పంచాయతీలో ఉండాలి. తర్వాత ఆన్‌లైన్ భూ రికార్డులో, అంటే వెబ్‌ల్యాండ్‌లో, తెలంగాణలో అయితే భూభారతిలో, పంచాయతీ పేరు ఎక్కాలి, 22-ఏ జాబితాలో యజమాని వివరం సవరించాలని సబ్ రిజిస్ట్రార్‌కు లేఖ వెళ్లాలి. 2011 నాటి పంచాయతీ ఆస్తుల రక్షణ నిబంధనల ప్రకారం ఆస్తుల రిజిస్టర్‌లో నమోదు కావాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా మొదట చెప్పిన ఊబిలోనే కాలు దిగబడుతుంది. బ్యాంకు అప్పు కావాలన్నా, 1914 స్థానిక సంస్థల అప్పుల చట్టం కింద ప్రభుత్వ అనుమతితో తీసుకోవాలన్నా ఈ కాగితాలే అడుగుతారు.

గదులివ్వడం బహిరంగ వేలంలోనే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగుల కోటా గదులు ఏవో ముందే ప్రకటించాలి. మూలన ఉన్న, మెట్ల కింద ఉన్న గదులనే వాళ్లకు వదలడం అన్యాయం, చీటీ తీయాలి. పురపాలక సంఘాల్లో మూడేళ్లకోసారి 33⅓ శాతం, అంటే మూడో వంతు, పెంచి లీజు పొడిగించే పద్ధతి ఉంది. 4,000 అద్దె మూడేళ్లకు 5,333, ఆరేళ్లకు 7,111 అవుతుంది. బజారులో అద్దె అంత పెరగకపోతే నిజంగా వ్యాపారం చేసుకునేవాడు ఖాళీ చేస్తాడు, పెరిగితే లీజుదారు తాను కూర్చోకుండా ఇంకొకరికి రెట్టింపుకిస్తాడు. ఆ తేడా సొమ్ము స్థానిక సంస్థకు రావాల్సింది. అందుకే ఏటా ఒకసారి ఏ గదిలో ఎవరున్నారో కరెంటు మీటర్ పేరు, ట్రేడ్ లైసెన్స్ పేరు, లీజు పేరు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, సబ్ లీజులు బయటపడతాయి. ఏడాది అద్దెల మొత్తం 20 లక్షలు దాటితే జీఎస్టీ సంగతి చూసుకోవాలి. వేలం ప్రకటనలో పన్ను ప్రస్తావన లేక తర్వాత గొడవపడ్డ సంఘాలున్నాయి.

ఏజెన్సీలో ఈ లెక్కలన్నీ మారతాయి. గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చేసిన 1/70 నిబంధన అమల్లో ఉన్న చోట గిరిజనేతరుల పేరిట లీజు చెల్లదు. ఆ నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని 1997 సమత తీర్పు చెప్పాక, పంచాయతీ ద్వారా ఇస్తే ఫర్వాలేదన్న వాదన నిలవదు. పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) కింద గ్రామసభ మాట కూడా తీసుకోవాలి. అరకు, పాడేరు, ఉట్నూరు లాంటి చోట్ల సంతలో గదులు గిరిజన యువతకు, మహిళా సంఘాలకు ఇవ్వడం తప్ప వేరే దారి లేదు. అదే సరైన దారి కూడా.

పారిశ్రామిక వాడల గురించి మరొకటి. పంచాయతీ పరిధిలోని ప్రభుత్వ భూమి ఏపీఐఐసీకి (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు) వెళ్లి, ఆ వాడ స్థానిక ప్రాధికార సంస్థగా నోటిఫై అయితే ఆస్తిపన్ను అదే వసూలు చేసుకుంటుంది. పంచాయతీకి పంచేది 35 శాతం. ఆ వాటా సకాలంలో చేరుతోందా అని అడిగే సర్పంచులు అరుదు. కార్మికుల ఇళ్లకు నీళ్లు, వీధుల చెత్త పంచాయతీ నెత్తినే పడతాయి కాబట్టి ఏటా ఏప్రిల్‌లో డిమాండ్ పట్టిక నకలు అడిగి తీసుకోవాలి, వాటా లెక్క తేల్చుకోవాలి.

కలెక్టర్లను మేం కోరేది ఇది. జిల్లాలో స్థానిక సంస్థలకు అడ్వాన్స్ పొజెషన్ ఇచ్చి తుది ఉత్తర్వు రాని ప్రతి స్థలం జాబితాను, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, స్వాధీనం చేసిన తేదీ, దస్త్రం ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో సహా, గ్రామ, వార్డు సచివాలయాల నోటీసు బోర్డుల మీద పెట్టించండి. తెలంగాణలో పంచాయతీ కార్యాలయాల్లో పెట్టవచ్చు. రెండేళ్లు దాటిన వాటికి ఆర్డీవో స్థాయిలో ఒక రోజు కేటాయించి తహసీల్దారును, సర్వేయర్‌ను, పంచాయతీ కార్యదర్శిని ఒకే గదిలో కూర్చోబెట్టండి. కొర్రీల్లో ఎక్కువ భాగం స్కెచ్ సంతకం, తీర్మానంలో సర్వే నంబరు, ఏ-1 నోటీసు ఋజువు దగ్గరే ఉంటాయి కాబట్టి అవి ఆ పూటే తీరిపోతాయి. మార్కెట్ విలువ మీద ఆగినవి ఎన్నో లెక్క తీసి, వాటికి వాటా పద్ధతిని అనుమతించమని సీసీఎల్‌ఏకు ఒకే ప్రతిపాదనగా పంపండి. అప్పటిదాకా అద్దెకిచ్చే కట్టడాలకు అడ్వాన్స్ పొజెషన్ మీద సాంకేతిక మంజూరు ఇవ్వవద్దని ఇంజినీరింగ్ అధికారులకు ఒక మెమో జారీ చేయండి.

ఇట్లు,
కొందరు విశ్రాంత రెవెన్యూ, పంచాయతీరాజ్ ఉద్యోగులు,
ఒంగోలు